పాత సీపీయూకి లినక్స్ వేస్తే పనికొస్తుందా? ముందు డబ్బా మూత తియ్యండి

నరసన్నపేట నుంచి అడిగారు కదా, 2009లో కొన్న డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 ఉంది, పాప పాఠాల వీడియోలకీ, కాస్త తెలుగు టైపింగ్‌కీ లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే పనికొస్తుందా, ఏది వెయ్యాలి అని. పనికొస్తుంది. ఏది వెయ్యాలన్నది మాత్రం ఆఖర్న చూసుకోవచ్చు.

మాది విజయనగరం. రెండేళ్ల కిందట చీపురుపల్లిలో మా చిన్నాన్న షాపు అటక మీంచి ఇలాంటిదే దింపాను. కోర్ 2 డ్యుయో, 2 జీబీ. "ఏట్రా, ఇంకా బతికుందా అది? ఏ సైటూ తెరుచుకోదు, వైరస్ పట్టేసింది" అన్నారాయన. మూత తీస్తే ఫ్యాన్ పక్కన రెండు బల్లి గుడ్లు. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది, బీప్ బీప్‌మని ఒకటే గోల. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కాను. లేచింది.

లేచాక చూస్తే తేదీ 2002 జనవరి 1! వైరసూ లేదు, ఏమీ లేదు. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, చచ్చిపోయింది. తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సైటు సర్టిఫికెట్‌నీ (అసలు సైటేనని చూపే గుర్తింపుని) నమ్మదు. కొత్త బిళ్ల మా గంటస్తంభం దగ్గర వాచీల షాపులో దొరికింది (గడియారం బాగవ్వడానికి అంతకన్నా మంచి చోటేముంది!). లినక్స్‌లో అయితే నెట్ తగలగానే తేదీ దానంతటదే సరవుతుంది కానీ బయాస్ (స్విచ్ వెయ్యగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు నిలవాలంటే బిళ్ల మార్చాల్సిందే.

అలాగని విండోస్ 7తో సరిపెట్టుకోకండి. 2020 జనవరి 14తో దానికి సపోర్ట్ ఆగింది, 2023 నుంచి కొత్త క్రోమ్ కూడా రావట్లేదు.

నేను డెబియన్ 12 అనే లినక్స్ వేశాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్‌తో. మీది 64 బిట్ ప్రాసెసర్ అయితే డెబియన్ 13 వేసుకోండి. 32 బిట్ అయితే 13కి ఇన్‌స్టాలరే లేదు, యాంటిఎక్స్ అనే తేలిక లినక్స్ చూడండి. రూఫస్ అనే ప్రోగ్రాంతో లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు, పార్టిషన్ పద్ధతి దగ్గర ఎంబీఆర్ ఎంచుకోండి. బూట్ లిస్టులో పెన్‌డ్రైవ్ కనబడకపోతే కంగారొద్దు, ఆ కాలం బయాస్‌లు చాలావాటిలో అది హార్డ్‌డిస్కుల కింద దాక్కుంటుంది. ముందు లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ మీంచే) నడిపి సౌండూ, తెరా చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చెయ్యండి. ఫొటోలవీ ముందే వేరేచోట కాపీ చేసిపెట్టుకోండి. వైఫై లేదని దిగులొద్దు, ఫోన్ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది.

అసలు ఇబ్బంది బ్రౌజర్‌తోనే. డెస్క్‌టాప్ ఎంత తేలికదైనా యూట్యూబ్ బరువు తగ్గదు. మా దాంట్లో నాలుగో ట్యాబ్‌కే నత్తనడక. జెడ్‌రామ్ (ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగిల్చేది) పెట్టాను, బ్రౌజర్‌కి హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ (యూట్యూబ్ వీడియోలని పాత కంప్యూటర్‌కి తేలికైన రకంలో తెప్పించేది) వేశాను, ఇప్పుడు 480పీ వీడియో ఆగకుండా ఆడుతోంది. 1080పీ ఆశ పెట్టుకోకండి. డబ్బు పెట్టగలిగితే ముందు చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు బదులు పెట్టే వేగమైన డిస్కు) కొనండి, ఆ తర్వాతే ర్యామ్.

తెలుగు టైపింగ్ యూనికోడ్‌లో (ఫోన్‌లో, నెట్‌లో కనబడే మామూలు తెలుగు) అయితే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక లినక్స్‌లోనే ఉంటుంది. అదే డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్ల పనైతే మాత్రం విండోస్ తీసెయ్యకండి, పక్కన లినక్స్ పెట్టుకోండి. ప్రాసెసర్ పేరు రాస్తే 32 బిట్టో 64 బిట్టో నేను చూసి చెప్తాను.