ఇంజన్ కింద ఆయిల్ కారుతోంది, ట్రాక్టర్ విడదీయాల్సిందేనా?

ప్రశ్న: మాకు ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అంతర సేద్యానికి నాలుగేళ్ల కిందట మినీ ట్రాక్టర్ కొన్నాం. కొన్నాళ్లుగా ఇంజన్ కింద ఆయిల్ కారుతోంది. రాత్రి షెడ్డులో పెడితే తెల్లారేసరికి నేల మీద జానెడు మరక. మెకానిక్ ఆయిల్ చాంబర్ ప్యాకింగ్ మార్చాడు. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు ట్రాక్టర్‌ను మధ్యకు విడదీసి వెనక ఆయిల్ సీలు మార్చాలంటున్నాడు. వేరే దారి ఉందా?
– ఒక రైతు, నార్పల మండలం, అనంతపురం జిల్లా

జవాబు: విడదీయడానికి తొందరపడకండి. ఆయిల్ ఎక్కడ పడుతోందో మీరిద్దరూ చూశారు గానీ, ఎక్కడ పుడుతోందో ఇంకా తేలలేదు. ఇంజన్‌లో అన్నిటికంటే కింద ఉండేది చాంబర్. పైన ఎక్కడ కారినా ఆయిల్ జారుకుంటూ దాని అంచుకే చేరి, అక్కడి నుంచే బొట్లుగా పడుతుంది. మిద్దె ఉరిసినప్పుడు చుక్క పడినచోటే పైన చిల్లు ఉండదు కదా, ఇదీ అంతే. పైగా ఫ్యాన్ గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది కాబట్టి ముందు కారేది కూడా ఇంజన్ వెనక క్లచ్ ఉండే డొల్ల (క్లచ్ హౌసింగ్) దగ్గర తడిగా కనబడుతుంది. ప్యాకింగ్ మార్చేటప్పుడు కింది భాగమంతా తుడిచి ఉంటారు. పై నుంచి ఆయిల్ మళ్లీ అక్కడికి దిగడానికి వారం పట్టి ఉండొచ్చు.

ముందు అది ఏ ఆయిలో చూడండి. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరవండి. మరక నల్లగా ఉంటే ఇంజన్ ఆయిలే. తేనె రంగులో చిక్కగా ఉంటే గేరుబాక్సుదో హైడ్రాలిక్‌దో. పల్చగా ఉండి డీజిల్ వాసన వస్తే పంపు, పైపుల దగ్గర చూసుకోవాలి.

ఇంజన్ ఆయిలే అయితే, ఇంజన్ చల్లారాక బ్రష్షుతో డీజిల్ రాసి జిడ్డంతా కడగండి. పెట్రోలు మాత్రం వాడొద్దు. సెల్ఫ్ మోటారు, డైనమో మీద నీళ్లు కొట్టకండి. గుడ్డతో తుడిచి బాగా ఆరాక, అనుమానమున్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పీటీఓ (రోటవేటర్‌ను తిప్పే షాఫ్టు) ఆపేసి స్టార్ట్ చేయండి. మెడలో తువ్వాలు ఉంటే తీసి పక్కన పెట్టండి, ఫ్యాన్ దగ్గర అది ప్రాణాల మీదికి తెస్తుంది. పది, పదిహేను నిమిషాల తర్వాత ఇంజన్ ఆపి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద సన్నటి నల్ల చార కనబడుతుంది. దాన్ని పట్టుకుని పైకి వెళ్లండి. తడి మొదలైన అన్నిటికంటే పై చోటే అసలు జాగా. ఏమీ కనబడకపోతే తోటలో రెండు సాళ్లు రోటవేటర్ తోలి మళ్లీ చూడండి. ఆయిల్ కాగి పల్చబడితేనే బయటపడే లీకులు ఉంటాయి.

నాలుగేళ్ల బండికి నేను మొదట అనుమానించేది ఇంజన్ పైనుండే మూత, అంటే టాపెట్ కవర్ ప్యాకింగ్. వేడికి రబ్బరు గట్టిపడి బీట్లిస్తుంది. ఆ తర్వాత ఆయిల్ ఫిల్టర్. పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండగా కొత్త ఫిల్టర్ బిగిస్తే తప్పకుండా కారుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ముందున్న పుల్లీ వెనకాల ఉండే సీలు కూడా చూడండి.

వీటన్నిటికన్నా ముఖ్యంగా బ్రీదర్ పైపు చూడాలి. దాని జోలికి మన దగ్గర ఎవరూ పోరు. ఇంజన్ లోపల పుట్టే గాలి ఒత్తిడి బయటికి పోయే దారి అది. మన ఎర్రనేలల్లో రోటవేటర్ లేపే దుమ్ము జిడ్డుతో కలిసి అక్కడ పేరుకుంటుంది. బండి కొన్నాళ్లు ఊరికే నిలబడితే కందిరీగలు మట్టి గూడు కట్టినా కట్టొచ్చు. ఆ దారి మూసుకుంటే ఒత్తిడి సీళ్లను, ప్యాకింగులను తోసుకుని బయటికొస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన సీలు వేసినా నిలవదు. పైపు విప్పి డీజిల్‌తో కడిగి, నోటితో ఊది చూడండి. ఆయిల్ ఎక్కువ పోసినా కారడం మొదలవుతుంది. బండిని చదునైన చోట పెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు ఆయిల్ కొలిచే గేజీ చూడండి. పై గీత దాటితే ఎక్కువైన ఆయిల్ తీసేయండి.

బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, స్లో మీద ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ బుసబుసమని గట్టిగా తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. అది వేరే ఖర్చు. కొద్దిపాటి పొగకు కంగారు పడక్కర్లేదు.

టాపెట్ కవర్ దగ్గరే అని తేలితే పాత ప్యాకింగ్‌ను పూర్తిగా గీకేసి కొత్తది వేయండి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కారుతోందని పానాతో బలమంతా పెడితే రేకు కవర్ వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. పేస్టు దట్టంగా పూయనివ్వకండి. లోపలికి ఉబ్బిన ముక్క ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజనే పోతుంది. ముందు పుల్లీ దగ్గరి సీలు మార్చాల్సి వస్తే, షాఫ్టు మీద పాత సీలు రాసుకుని పడిన గాడి ఉందేమో గోటితో తడిమి చూడమనండి. గాడి ఉంటే కొత్త సీలు పెదవిని పాత జాగాలో కాక కాస్త పక్కన కూర్చోబెట్టాలి. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందనే సలహా వినకండి. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి.

ఇన్ని చూశాక కూడా క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రం నుంచి నల్లటి ఆయిల్ వస్తుంటే మీ మెకానిక్ మాట నిజమే. వెనక సీలుకు ట్రాక్టర్ విడదీయక తప్పదు. ఎటూ విప్పుతున్నారు కాబట్టి క్లచ్ ప్లేటు, బేరింగు కూడా అప్పుడే చూపించుకోండి. ప్లేటుకు ఆయిల్ అంటితే క్లచ్ జారుతుంది. అదే రంధ్రంలో తేనె రంగు ఆయిల్ కనబడితే తప్పు ఇంజన్‌ది కాదు, గేరుబాక్సు సీలుది.

పని అయ్యేదాకా రోజూ పొద్దున గేజీ చూశాకే స్టార్ట్ చేయండి. ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఆపేయండి, ఇంటిదాకా తోలుకెళ్దాం అనుకోవద్దు. ఇలాంటి పనులు చేత్తో చేసి నేర్చుకోవాలంటే గార్లదిన్నె ట్రాక్టర్ నగర్‌లోని వ్యవసాయ యంత్రాల శిక్షణా కేంద్రం మీకు దగ్గరే. రైతులకూ అక్కడ శిక్షణ ఇస్తారు.

ఇంకొకటి. తీసిన పాత ఆయిల్‌ను చెదలకని చీనీ మొదళ్లకు పూస్తుంటారు, మీరు మాత్రం పూయకండి, బెరడు దెబ్బతింటుంది. మొదళ్లకు మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయండి. పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, కొనేవాళ్లకు ఇచ్చేయండి.