ఆ బోడి గోపురం గురించి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. డచ్ చిత్రకారుడు పీటర్ సాన్రెడామ్ గీసిన ఆమ్‌స్టర్‌డామ్ పాత టౌన్‌హాల్ బొమ్మ మీద రాయాలనుకున్నావు, సంతోషం. కానీ మొదటి పేరాలోనే ‘ఫొటో తీసినట్టుంది’ అన్నావు. ఎప్పుడు తీసిన ఫొటో అమ్మా? బొమ్మ మీదున్న సంవత్సరం 1657. ఆ భవనం 1652 జులైలోనే కాలిపోయింది.

సాన్రెడామ్ దాన్ని చూసి కాగితం మీద దించుకున్నది 1641లో. పదహారేళ్లకు ఆ కాగితం బయటికి తీసి నూనెరంగుల్లో వేశాడు. అప్పటికే యాకబ్ ఫాన్ కాంపెన్ నమూనాతో కొత్త టౌన్‌హాల్ లేచింది, 13,659 కొయ్యదుంగల పునాది మీద. అంత వైభవంగా కట్టుకున్న భవనంలో తగిలించుకోవడానికి నగర పెద్దలు 400 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) పెట్టి కొన్నది ఈ పాతదాని బొమ్మ. కొత్తింటి హాల్లో తాతగారి పెంకుటింటి ఫొటో పెట్టుకున్నట్టు.

‘అద్భుత వాస్తుకళ’ అనే మాట కొట్టెయ్. మళ్లీ చూడు. గోపురానికి శిఖరం లేదు, బోడిది. గోడలు మాసి, వయసు మీదపడి ఉన్నాయి. యూరప్ వర్తకుల డబ్బు తిరిగిన ఆమ్‌స్టర్‌డామ్ మారకపు బ్యాంకు 1609లో మొదలైంది ఈ గోడల మధ్యే! నాకైతే ఆ బొమ్మలో అన్నిటికన్నా నచ్చేది ఆ నలిగిన ముఖమే.

ఇంకో సంగతి. మూడు గంటల్లో తగలబడిపోయిందని సాన్రెడామ్ బొమ్మలోనే రాశాడు. తేదీ జులై 7 సరిగ్గానే వేశాడు, ఏడాది మాత్రం 1651 అన్నాడు. రెంబ్రాంట్ మంట ఆరిన రెండో రోజుకల్లా శిథిలాలను గీసి, 1652 జులై 9 అని అక్కడే రాసుకున్నాడు. చూసిన రోజే రాసుకోమని నిన్ను పోరేది ఇందుకే. నేనూ ఓసారి ఫొటో చూసి ఒక పాత కచేరీ భవనానికి తూర్పు గుమ్మం పెట్టేశాను. ఆ ఊరాయన కార్డు రాశాడు: ‘అటు చెరువు కదండీ, లోపలికి ఈదుకుంటూ వెళ్లాలా?’

చిత్రకారుడు ఫాన్ డెర్ హైడెన్ గురించి రాసిన పేరా తీసెయ్. కొత్త టౌన్‌హాల్‌ను గీసిన చెయ్యే నిప్పులార్పే యంత్రానికి తోలుగొట్టం అమర్చిందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, నిజమే. అది ఇంకో వ్యాసం, ఇందులో ఇరికించకు.

ఈసారి గోపురం దగ్గర మొదలుపెట్టి ఆదివారంలోగా పంపు. కళ్లజోడు మార్చాను, అక్షరాలు చిన్నవైనా పర్లేదు.