మూడు రక్షణలున్నా సైన్యం చస్తోంది, ఎందుకు?

ప్రశ్న: స్ట్రాటజీ గేమ్‌లో కవచం 50 శాతం, కోట గోడ 30, హీరో స్కిల్ 20 శాతం డ్యామేజ్ తగ్గిస్తాయి. మొత్తం 100 కదన్నా, మరి నావాళ్లెందుకు చస్తున్నారు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కూడితే 100 నిజమే తమ్ముడూ, కానీ చాలా గేముల్లో కూడరు, గుణిస్తారు. 100 డ్యామేజ్‌లో కవచం సగం ఆపితే మిగిలేది 50, గోడ ఆ 50లోనే 30 శాతం తీస్తే 35, స్కిల్ మళ్లీ ఆ 35లో 20 శాతం తీస్తే 28, అది నీవాళ్లకు తగిలి తీరుతుంది. మీ ఊరి బట్టల షాపులో డిస్కౌంట్ మీద డిస్కౌంట్ ఇచ్చినా చీర ఊరికే రాదు కదా! వరస మార్చినా ఇదే 28. అయితే శాతం కాకుండా ‘ప్రతి దెబ్బకూ 10 తగ్గింపు’ కూడా ఉంటే మాత్రం వరస చూసుకో: ముందే తీస్తే తగిలేది 25.2, చివర్లో తీస్తే 18. శాతాలను నేరుగా కూడే గేములూ ఉన్నాయి, వాటిలో మొత్తం తగ్గింపుకు పరిమితి ఎంతో చూడు.