పిల్ల పళ్ళ క్లిప్పులకు ఎఫ్‌డీ తీయొద్దు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు. మావారు రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్, జీతం 34,000. నా కుట్టుపని మీద 6,000 వస్తుంది. ఖర్చులు 28,000, చీటీ 5,000. ఎఫ్‌డీలో 1,40,000 ఉంది. పాపకి 13 ఏళ్లు, పన్ను మీద పన్ను వచ్చింది. నెల్లూరులో డాక్టరు మెటల్ క్లిప్పులైతే 45,000, బయటికి కనపడని, తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు, అంటే అలైనర్లైతే 1,60,000 అన్నారు. అలైనర్లకు ఒకేసారి కడితే 1,44,000. లేకపోతే 24 నెలలు వడ్డీ లేని ఈఎంఐ, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు. పాప అలైనర్లే కావాలంటోంది. ఎఫ్‌డీ తీసేదా, ఈఎంఐ పెట్టుకునేదా, 2 రూపాయల వడ్డీకి తెచ్చేదా?

జవాబు: మూడూ వద్దమ్మా. పళ్ళ వైద్యం అనగానే చాలామంది మీలాగే మొత్తం సొమ్ము మొదటి రోజే చేతిలో ఉండాలనుకుంటారు. ఇది 18 నుంచి 24 నెలలు నడిచే వైద్యం. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లి తీగ బిగించుకోవాలి. చాలా క్లినిక్కుల్లో మొదట కొంత కట్టించుకుని, మిగతాది వెళ్లినప్పుడల్లా తీసుకుంటారు, వడ్డీ ఉండదు. మీరు అడగాల్సింది అదే.

ముందు ఎఫ్‌డీ సంగతి. మీ ఖర్చు లెక్కన, జీతం ఆగితే గడవడానికి ఆరు నెలలకు 1,68,000 పక్కన ఉండాలి. ఇప్పటికే 28,000 తక్కువ. మీవారి జీతం చెరువు మీద ఆధారపడింది. రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు తగిలి పంట పోయినా, ధర లేక రైతు చెరువు ఎండబెట్టినా ముందు ఆగేది టెక్నీషియన్ జీతమే. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి పెంచగానే రొయ్య ధర ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి నెలల్లో అద్దె, బియ్యం, పాప స్కూలు ఫీజు ఆ ఎఫ్‌డీలోంచే రావాలి. పన్ను మీద పన్ను అత్యవసరం కాదు, మూడు నెలలు ఆగొచ్చు. దవడ ఎదుగుదలలో తేడా ఉందనో, కోరపన్ను లోపలే ఇరుక్కుందనో డాక్టరు చెబితే మాత్రం ఆలస్యం చేయకండి. ఆ మాట సూటిగా అడిగి తెలుసుకోండి.

ఇక ‘వడ్డీ లేని’ ఈఎంఐ. ఒకేసారి కడితే 16,000 తగ్గిస్తున్నారంటే, ఈఎంఐ వాళ్లు కట్టే వడ్డీ ఆ 16,000. ప్రాసెసింగ్ ఫీజు 3,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 576 కూడా కలిపితే ఏడాదికి 13 శాతం పడుతుంది. నెలకు 6,667 కట్టాలి, మీకు మిగిలేది 7,000. చేతిలో 333 రూపాయలతో నెల ఈదుతారా? పైగా ఆ అప్పు ఫైనాన్స్ కంపెనీది, క్లినిక్కుది కాదు. వైద్యం మధ్యలో ఆగినా వాయిదా ఆగదు. అమెరికాలో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే అలైనర్ల కంపెనీ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం సగంలో ఆగిపోయినవాళ్లకు కూడా మిగిలిన వాయిదాలు కట్టాల్సిందేనని చెప్పింది. 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పళ్ళ వరస కోసం ఆ అప్పు తలకెత్తుకోవడం నాకు అసలు మింగుడుపడదు.

అలైనర్లు రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే పని చేస్తాయి. తినేటప్పుడు తీసి, కాగితంలో చుట్టి బెంచీ మీద మర్చిపోయే వయసు పాపది. మెటల్ క్లిప్పులు తీసేవి కావు కాబట్టి పని ఆగదు. కనపడతాయనే బెంగ ఉంటే పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పుల ధర అడగండి.

మెటల్ క్లిప్పుల 45,000కి లెక్క ఇలా వేసుకోండి. మూడు నెలలు 7,000 చొప్పున దాస్తే 21,000. అందులో 15,000 మొదటి వాయిదా, 6,000 ఎక్స్‌రేలకు, పళ్ళు తీయాల్సి వస్తే దానికి. మిగతా 30,000 పద్దెనిమిది సార్లుగా, అంటే వెళ్లినప్పుడల్లా సుమారు 1,700. నెలకు ఇంకో 1,000 రిటైనర్ల (సరిచేసిన పళ్ళను అక్కడే పట్టి ఉంచేవి) కోసం వేరే పెట్టండి. క్లిప్పులు తీశాక రిటైనర్లు పెట్టుకోకపోతే పళ్ళు మళ్లీ పాత చోటికే జరుగుతాయి. పెట్టిన ఖర్చంతా వృథా. అప్పటికీ మిగిలే 4,300 ఎఫ్‌డీ వైపు వెళితే ఏడు నెలల్లో ఆ 28,000 లోటు పూడుతుంది.

నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీలో కూడా ఓసారి చూపించండి. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, సాధారణంగా ఖర్చు తక్కువే. కాకపోతే ఒక్కోసారికి పూట పోతుంది. ఆరోగ్య బీమా మామూలుగా క్లిప్పులకు ఇవ్వదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

డబ్బు కట్టే ముందు ఇవి కాగితం మీద రాయించుకోండి: 45,000లో రిటైనర్లు కలిసి ఉన్నాయా, క్లిప్పు ఊడితే మళ్లీ అతికించడానికి ఎంత (చెక్కలు, చెరకు, వేరుశనగ ఉండలు తింటే ఊడుతుంది), క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్ట్ ఆ క్లినిక్కులోనే ఉంటారా, నెలకోసారి బయటి ఊరి నుంచి వస్తారా. వచ్చే డాక్టరైతే, ఆయన రావడం మానేస్తే మీ వైద్యం ఎవరు పూర్తి చేస్తారో కూడా రాయించండి. మొదటి ఎక్స్‌రేలు, ఫొటోల కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. డాక్టరు మారాల్సి వస్తే కొత్తాయన మొదట అడిగేవి అవే.