ఇంటి పక్క ష్పీల్‌ప్లాట్స్ (పిల్లల ఆటస్థలం) చాలు, రోజూ వెళ్ళండి

"మాది తిరుపతి. మా ఆయన ఉద్యోగం మీద వచ్చే నెల మ్యూనిక్ వెళ్తున్నాం. బాబుకి నాలుగేళ్ళు. అక్కడ అపార్ట్‌మెంట్‌లోనే ఉండాలట. వాడు బయట ఆడుకోవడానికి మంచి చోట్లు ఎలా వెతుక్కోవాలి?" అని అడిగారు మీరు. చదవగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మేమూ తిరుపతి నుంచే, మ్యూనిక్‌కే, మావాడికి సరిగ్గా నాలుగేళ్ళప్పుడే వెళ్ళాం. 2014 అక్టోబరులో వెళ్ళి 2021లో తిరిగొచ్చేశాం.

మావాడు అప్పటిదాకా బైరాగిపట్టెడలో మా అమ్మావాళ్ళ వీధిలో పెరిగాడు. పొద్దున పాలు తాగి గడప దాటితే మళ్ళీ అన్నానికి పిలిస్తేనే లోపలికి వచ్చేవాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి మూడో అంతస్తులో చెక్క నేల ఉన్న ఇంట్లో పెట్టాం. రెండో వారానికే తలుపుకి ఒక చీటీ అంటించి ఉంది. పిల్లవాడి అడుగుల చప్పుడు భరించలేకపోతున్నామని, ఆదివారం పూట కూడా విశ్రాంతి లేకుండా పోతోందని కింది ఇంటివాళ్ళు రాశారు. ఆ చీటీ చదివించుకున్నాక నాకు పట్టుకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. నేలంతా దుప్పట్లు పరిచాను. "మునివేళ్ళ మీద నడువు నాన్నా" అని రోజంతా వాడి వెనకాలే తిరిగాను. పాపం, నేర్చేసుకున్నాడు. మరుసటి వేసవిలో సెలవులకి తిరుపతి వచ్చినప్పుడు మా అమ్మ ఇంట్లో, బండల నేల మీద కూడా మునివేళ్ళ మీదే నడుస్తున్నాడు. మా అమ్మ చూసి, "ఏం నాయనా, కాల్లో ముల్లు గుచ్చుకుందా?" అని వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాదం తిప్పి చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు రాస్తున్నా వస్తోంది.

అందుకే మీకు ముందు చెప్పేది ఇదీ. పిల్లవాడు బయట ఆడుకోవడం అక్కడ సరదా కాదు, అవసరం. మన ఇళ్ళలోలాగా ఇంట్లో గెంతడానికి వీలుండదు కాబట్టి ఆ గెంతులన్నీ బయటే అయిపోవాలి.

ఇక చోటు సంగతి. దాని గురించి మీరు అసలు బెంగ పెట్టుకోవద్దు. పిల్లలు ఆడుకునే చోటుని ష్పీల్‌ప్లాట్స్ అంటారు. మ్యూనిక్‌లో మేము చూసిన ప్రతి పేటలోనూ ఉంది, టికెట్ లేదు. మా ఇంటికి మూడు నిమిషాల నడకలో ఒకటి ఉండేది. ఇసుక గుంట, ఉయ్యాలలు, మన బోరింగు లాంటి చిన్న చేతిపంపు, మధ్యలో ఒక ఇనుప స్తంభం నుంచి గుడారంలా కిందికి దించి అల్లిన లావు తాళ్ళ వల. ఆ వల దగ్గర జరిగింది మీకు వివరంగా చెప్పాలి.

నవంబరు నెల. చీటీ వచ్చి నాలుగైదు రోజులైంది. చలికి భయపడి అప్పటిదాకా వాణ్ణి బయటికే తేలేదు. ఆ రోజు తెగించి తీసుకెళ్ళాను. వీడు వలని చూశాడు, పరిగెత్తాడు, నేను అక్కడికి చేరేలోపే నా తల కంటే పైకి ఎక్కేశాడు. ఇంకో రెండు తాళ్ళు ఎక్కి కిందికి చూశాడు. అంతే, బిగుసుకుపోయాడు. తాడు పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. "అమ్మా, అమ్మా" అని ఒకటే కేక. నేను ఎక్కబోతే బూటు జారింది. అంత లావు జాకెట్‌తో ఆ తాళ్ళ మధ్యలోంచి దూరడం కుదరలేదు. బెంచీల మీద నలుగురైదుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. చూస్తున్నారు తప్ప ఒక్కరూ లేవలేదు. మన ఊర్లో అయితే ఈపాటికి పదిమంది వచ్చి ఉండేవాళ్ళు కదా అనిపించి వాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు పదేళ్ళ పిల్ల ఒకతె వచ్చింది. చేతిలో సగం తిన్న బ్రెట్సెల్, అంటే అక్కడ అందరూ తినే ఉప్పు అద్దిన మెలిక రొట్టె. దాన్ని తమ్ముడి చేతికిచ్చి, ముక్కు చేతి గ్లోవ్‌తో తుడుచుకుని వల ఎక్కింది. వాడి పక్కకి చేరింది కానీ వాణ్ణి పట్టుకోలేదు. చెయ్యి కూడా ఇవ్వలేదు. వాడి ఎడమ బూటు మీద వేలితో రెండుసార్లు తట్టి, తర్వాత కింది తాడు మీద తట్టి, "హియర్" అంది. ఇక్కడ అని. వాడికి భాష రాదు. అయినా కాలు తీసి అక్కడ పెట్టాడు. తర్వాత కుడి బూటు మీద తట్టింది, ఇంకో తాడు మీద తట్టింది, "హియర్". అలా ఒక్కో తాడూ ఒక్కో తాడూ తట్టుకుంటూ పది పన్నెండు అడుగులు దింపింది. ఎక్కడా తొందర లేదు. వాడు వణికితే ఆగింది. కింద ఇసుకలో కాలు పెట్టగానే తమ్ముడి దగ్గర రొట్టె తీసుకుని తన దోవన తను వెళ్ళిపోయింది.

నేను వాణ్ణి ఎత్తుకుని ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. వాడు అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెనక్కి తిరిగి, మళ్ళీ ఎక్కాడు. ఈసారి దిగేటప్పుడు తనలో తను "హియర్, హియర్" అనుకుంటూ దిగాడు. వాడికి వచ్చిన మొదటి జర్మన్ మాట అదే.

మరుసటి రోజు అదే వేళకి వెళ్తే ఆ పిల్ల వాళ్ళమ్మతో ఉంది. టర్కీ వాళ్ళు. తడిసి మోకాళ్ళదాకా బురదైన మావాడి జీన్స్ ప్యాంటు చూసి, ఆవిడ తన తోపుడుబండి కింది అరలోంచి ఒక మాచ్‌హోజ తీసి ఇచ్చింది. బురదలో ఆడుకోవడానికి మామూలు బట్టల మీద వేసే రబ్బరులాంటి ప్యాంటు అది. భుజాల మీద పట్టీలుంటాయి, నీళ్ళు లోపలికి దిగవు. మీరు అక్కడ దిగిన మొదటి వారంలోనే కొనాల్సింది ఇదే. లోపల మందం ప్యాంటు పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. ఇంటికొచ్చాక నీళ్ళతో కడిగి తగిలిస్తే తెల్లారేసరికి సిద్ధం. చెడ్డ వాతావరణం అంటూ లేదు, సరికాని బట్టలే ఉంటాయని వాళ్ళలో ఒక సామెత ఉంది. అది వాళ్ళు మాటవరసకి అనుకునేది కాదు. సన్నటి వానలో కూడా పిల్లలు ఇసుక గుంటలో కాలవలు తవ్వుతూనే ఉంటారు.

తల్లులు ఎందుకు లేవలేదో నాకు తర్వాత ఆవిడే చెప్పింది. పిల్లవాడు తనంతట తను ఎక్కినంత ఎత్తు నుంచి తనంతట తనే దిగగలడని అక్కడ చాలామంది నమ్మకం. అందుకని ఎక్కలేనివాణ్ణి ఎత్తి పైన కూర్చోబెట్టరు. కింద ఎటూ మందంగా ఇసుకో, చెక్కపొట్టో పోసి ఉంటుంది. అప్పటి నా కోపం ఆ మాటతో పోయింది.

మీ ప్రశ్నకి ఇప్పుడు సూటిగా చెప్తాను. మంచి చోట్లు వెతక్కండి. ఇంటికి దగ్గరున్న ఒక్క చోటు పట్టుకోండి, రోజూ అదే వేళకి వెళ్ళండి. పిల్లవాడికి కావాల్సింది పెద్ద జారుడుబండ కాదు, నిన్న కనిపించిన పిల్లలే ఇవాళా కనిపించడం. మన బైరాగిపట్టెడ వీధిలో ఉండేదీ అదే కదా. అక్కడ ఉయ్యాల లేదు, ఏమీ లేదు. రోజూ అదే ఆరుగురు పిల్లలు.

మనవాళ్ళు ఇక్కడే పొరపాటు చేస్తున్నారని నేను గట్టిగా నమ్ముతాను. వారమంతా పిల్లవాడు ఇంట్లో టాబ్లెట్ చూస్తాడు. శనివారం వస్తే గంటన్నర ప్రయాణం చేసి ఎక్కడో పేరున్న పార్కుకి తీసుకెళ్ళి, ఫోటోలు తీసి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. వచ్చే శనివారం ఇంకో పార్కు. పిల్లవాడు ప్రతిసారీ కొత్త పిల్లల మధ్య నిలబడతాడు, ఆటలో చేరేలోపే ఇంటికి వెళ్ళే టైమవుతుంది. ఇంకొందరు చలికాలం మొత్తం డబ్బులు కట్టి లోపల ఆడుకునే హాళ్ళకి తీసుకెళ్తారు. ఆ హాళ్ళలో పాట మోత, ప్లాస్టిక్ బంతులు, చెమట. ఒక్కసారి వెళ్తే వాడికి రెండు రోజులు జలుబు. మన పుట్టినరోజు ఫంక్షన్లూ అంతే, ముప్పై మంది పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెట్టి పెద్దవాళ్ళు బిర్యానీ తింటారు. కిటికీ బయటే పచ్చిక ఉంటుంది!

ఇసార్ నది ఒడ్డు, ఎంగ్లిషర్ గార్టెన్ అనే పెద్ద పార్కు, ఒలింపియా పార్కు తప్పకుండా చూడండి, వద్దనను. ఎండాకాలంలో ఇసార్ గులకరాళ్ళ మీద పిల్లలు పొద్దస్తమానం ఆడతారు. ఒలింపియా పార్కులో ఉన్న గుట్ట రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్ళ శిథిలాలు పోస్తే ఏర్పడినదే. మంచు పడితే పిల్లలు దాని మీద నుంచి చెక్కబండ్లలో జారుతారు. కానీ అవి పండగ లాంటివి. రోజూ తినే అన్నం లాంటిది మాత్రం ఇంటి పక్క ఇసుక గుంటే.

వేళ గురించి కూడా చెప్పాలి. డిసెంబరులో అక్కడ నాలుగుంబావు, నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగే. చలికాలం కిటా నుంచి, అంటే చిన్నపిల్లల బడి నుంచి, తీసుకురాగానే ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆటస్థలానికి వెళ్ళిపోండి. ఇంట్లోకి అడుగుపెట్టి జాకెట్ విప్పారా, ఇక ఆ రోజు బయటికి రాలేరు. ఇంకో రెండు విషయాలు. చాలా ఆటస్థలాల్లో బాత్రూమ్ ఉండదు, పిల్లవాణ్ణి వెళ్ళించే తీసుకెళ్ళండి. ఎండాకాలం గడ్డిలో ఆడొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక చూడండి. మన దగ్గర ఆవులకు పట్టే గోమార్ల లాంటి పురుగులు అక్కడ గడ్డిలో ఉంటాయి. వాటివల్ల మెదడువాపు జ్వరం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఉండేవాళ్ళకి టీకా వేయించుకోమని చెప్తారు. వెళ్ళాక డాక్టర్ని అడగండి.

నీలం బోర్డు మీద తెల్లగా బంతి ఆడే పిల్లవాడు, పెద్ద మనిషి, ఇల్లు, కారు బొమ్మలుంటే అది పిల్లలు రోడ్డు మీద ఆడుకోవచ్చన్న వీధి. మామూలు మాటల్లో ష్పీల్‌ష్ట్రాసె అంటారు. కార్లు మనిషి నడిచే వేగంతోనే పోవాలి. మొదటిసారి అది చూసినప్పుడు మా వీధి గుర్తొచ్చి కాసేపు అలా నిలబడిపోయాను. మనకి బోర్డు లేకుండానే ఉండేది, మనమే పోగొట్టుకున్నాం.

తిరిగొచ్చాక నా బాధ అదే. జూ పార్కు ఉంది, సైన్స్ సెంటర్ ఉంది, కొండ కింద ఇంత ఊరు ఉంది. కానీ అవి చుట్టాలొచ్చినప్పుడు వెళ్ళే చోట్లు. రోజూ సాయంత్రం పిల్లలు దిగి ఆడుకోవడానికి ఏముంది? మేం ఇప్పుడున్న అపార్ట్‌మెంట్‌లో కింద అంతా పార్కింగే. క్రికెట్ ఆడరాదని బోర్డు. మా కాలనీ పార్కుకి పొద్దున వాకింగ్ అయ్యాక తాళం. ఒకరోజు పిల్లలు గోడ దూకి లోపలికి వెళ్తే పెద్దవాళ్ళు అరిచి బయటికి పంపేశారు. గంగ జాతర వచ్చిందంటే ఇదే ఊర్లో ఇవే వీధుల్లో పిల్లలకి మనమే ఒళ్ళంతా తెల్లగా పూసి బైరాగి వేషం వేసి నడిపిస్తాం. మిగతా రోజుల్లో మోకాలికి కాస్త మన్ను అంటితే ఎందుకు కేకలేస్తామో నాకు అర్థం కాదు. జర్మనీలో 2011లో చట్టమే మార్చారు. ఆటస్థలాల నుంచి వచ్చే పిల్లల అరుపుల్ని మామూలుగా హానికరమైన శబ్దంగా లెక్కించకూడదని రాసుకున్నారు. మా కింది ఇంటివాళ్ళలాగా సణిగేవాళ్ళు అక్కడా ఉన్నారు. అయినా చట్టం పిల్లల వైపు నిలబడింది.

2020 మార్చిలో కరోనా వచ్చి ఆటస్థలాలు మూసేసినప్పుడు మా వల చుట్టూ ఎరుపు తెలుపు టేపు కట్టారు. మావాడు రోజూ అదే వేళకి వెళ్ళి టేపు ఇవతల నిలబడి వచ్చేవాడు. అవతలి పక్క ఆ టర్కీ పిల్ల తమ్ముడు నిలబడేవాడు. ఇద్దరూ చేతులూపుకునేవాళ్ళు. మే నెలలో టేపు తీసిన రోజు వాళ్ళిద్దరూ చేసిన అల్లరి నేను జన్మలో మరిచిపోను.

ఇల్లు ఇంకా ఖాయం కాలేదనుకుంటాను. చూడబోయేటప్పుడు వంటగది ఎంత, మెట్రో ఎంత దూరం అని మీ ఆయన చూసుకుంటారు. మీరు మాత్రం మామూలు రోజున మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్యలో వెళ్ళండి. ఇంట్లోకి వెళ్ళేముందు ఆ వీధిలో పది నిమిషాలు నిలబడి వినండి. పిల్లల గొంతులు వినిపిస్తే, ఇల్లు కాస్త చిన్నదైనా సరే, తీసుకోండి.