పువ్వులో ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి

బంగారూ,

నువ్వు పంపిన బొమ్మలన్నీ పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని తీరిగ్గా చూశాను. పువ్వు పువ్వులాగే ఉండాలి, కానీ ఫోటో తీసినట్టు ఉండకూడదు, అలాగని ఏం వేశావో ఎవరికీ అర్థం కాని రంగుల ముద్ద కూడా అవకూడదు, ఈ రెండిటి మధ్య ఎలా వెయ్యాలి పెద్దమ్మా అని అడిగావు. మొహమాటం లేకుండా చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు లిల్లీ పువ్వును కేసరాలతో సహా పొల్లుపోకుండా వేస్తున్నావు, వెనకాల మాత్రం రంగులు చల్లి, కిందకి కారనిచ్చి వదిలేస్తున్నావు. ఇప్పుడు చాలామంది చేస్తున్నది ఇదే, చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. కానీ అక్కడ ఒకే కాగితం మీద రెండు బొమ్మలున్నాయి, ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. వెనకాల ఎంత రంగు చల్లినా ముందున్న పువ్వు అబ్‌స్ట్రాక్ట్ అవదు, అంటే ఉన్నదున్నట్టు కాకుండా సారం మాత్రం పట్టిన బొమ్మ అవదు. వదిలెయ్యడం పువ్వు లోపలే మొదలవ్వాలి. ఒక రేక స్పష్టంగా కనిపిస్తే పక్క రేక సగం దాకా వచ్చి వెనక రంగులో కలిసిపోవాలి.

వదిలెయ్యాలంటే ముందు అది నీకు తెలిసుండాలి, అందుకే పెన్సిల్ పని తప్పదు. లిల్లీనే తీసుకో. చూడ్డానికి ఆరు రేకలు, కానీ సరిగ్గా చూస్తే బయట మూడు, లోపల మూడు, లోపలివి కాస్త వెడల్పు. ఆరు కేసరాలు, మధ్యలో సన్నటి కాడలా లేచిన ఒక కీలం, అన్నీ గరాటులాంటి గొంతులోంచి బయటికొస్తాయి. ఆ గొంతు ఎటు తిరిగి ఉంది అన్నదే అసలు సంగతి. పువ్వు నీకు ఎదురుగా ఉంటే దాని అంచు గుండ్రంగా కనిపిస్తుంది, కొంచెం పక్కకి తిరిగిందంటే కోడిగుడ్డులా అవుతుంది, అప్పుడు గొంతు ఆ ఆకారానికి సరిగ్గా మధ్యలో ఉండదు, కాడ వైపుకి జరిగి ఉంటుంది. నీ బొమ్మల్లో రెండుచోట్ల పువ్వు కాగితానికి అంటించినట్టు కనిపిస్తోంది చూడు, కారణం ఇదే. కాడని మనసులోనే పొడిగించి చూడు, ఆ గీత సూటిగా గొంతులోకి వెళ్ళాలి. అది సరిపోయిందంటే ఒక రేకని ఒక్క వెడల్పాటి కుంచె దెబ్బతో వేసినా, ఇంకో రేకని అసలు వెయ్యకపోయినా చూసేవాళ్ళు లిల్లీ అనే అంటారు. అది తప్పితే ఈనెలు, మచ్చలు, పుప్పొడి ఎన్ని పెట్టినా ప్రయోజనం లేదు.

పువ్వును వెనక నుంచి కూడా గియ్యి. ఎవరూ గియ్యరు గానీ రేకలన్నీ కాడని పట్టుకునే చోటు చూస్తేనే ఆ పువ్వు బరువు ఎటు పడుతోందో తెలుస్తుంది.

రంగు ముట్టుకునే ముందు ఇంకో పని. ఈ పువ్వులో నిన్ను పట్టి నిలబెట్టింది ఏమిటో ఒక్క ముక్కలో కాగితం అంచున రాసుకో. ‘బరువుకి వంగింది’ అనో, ‘ఎడమ అంచు మీద వెలుగు’ అనో, ‘లోపలంతా చీకటి’ అనో. ‘అందంగా ఉంది’ అని రాయకు, దానితో ఏ నిర్ణయమూ జరగదు. నువ్వు రాసుకున్న ఆ ఒక్కటీ ఎక్కడుందో అక్కడ నిజానికి దగ్గరగా వెయ్యి, దానికి పనికిరానిది ఎంత ముచ్చటగా ఉన్నా తగ్గించెయ్యి. ఎంత రియలిజం (ఉన్నదున్నట్టు వెయ్యడం), ఎంత అబ్‌స్ట్రాక్షన్ (వదిలెయ్యడం) అని కొలతలు ఎవరూ చెప్పలేరు, ఆ ముక్కే చెప్తుంది.

ఆ తర్వాత కళ్ళు చికిలించి చూడు. వివరాలు పోయి వెలుగు, నీడ, వాటి మధ్యది, ఈ మూడు ముద్దలే మిగలాలి. వాటిని అగ్గిపెట్టెంత గళ్ళలో పెన్సిల్‌తో నాలుగైదు రకాలుగా పెట్టి చూసుకో. దీనికి బద్ధకించకు. కన్ను ఆకారాన్ని పోల్చుకునేది ముఖ్యంగా వెలుగునీడల తేడాతోనే, అవి సరిగ్గా ఉన్నంతవరకూ రంగు విషయంలో నీకు బోలెడు స్వేచ్ఛ ఉంటుంది. ఎర్ర గులాబీ నీడవైపుని ఊదాతోనో ముదురు నీలంతోనో వేసినా అది గులాబీయే. అదే వెలుగునీడలు తారుమారైతే ఎంత నికార్సైన ఎరుపు వేసినా ముద్దే. అనుమానం వస్తే ఫోన్‌లో బొమ్మని బ్లాక్ అండ్ వైట్ చేసి చూసుకో, వెంటనే తెలిసిపోతుంది.

ఇక అంచులు. నన్నడిగితే ఈ పనంతా అంచుల్లోనే ఉంది. నీ బొమ్మల్లో ప్రతి రేకకీ చుట్టూ ఒకే రకం గీత ఉంది, అందుకే అవి కత్తిరించి అతికించినట్టున్నాయి. నిజం పువ్వు దగ్గర కూర్చుని ఒకే ఒక రేక అంచుని మొదలు నుంచి చివరి దాకా చూపుతో వెంబడించు. వెలుగు తగిలి వెనక చీకటి ఉన్నచోట కత్తి గీసినట్టుంటుంది, మలుపు తిరిగేచోట మెత్తబడుతుంది, రేక నీడా వెనక నీడా ఒకే ముదురులో కలిసినచోట అంచు అనేదే ఉండదు. అక్కడ నువ్వు కూడా గియ్యకు. రెండిటినీ ఒకే రంగుతో కలిపెయ్యి, లేని అంచుని చూసేవాళ్ళ కన్ను తనే పూర్తి చేసుకుంటుంది. పదునైన అంచులు బొమ్మ మొత్తంలో కొన్నే ఉండాలి, అవీ నువ్వు కాగితం అంచున రాసుకున్న మాట ఉన్నచోటే.

చేతి పనిగా చెప్పాలంటే, వాటర్‌కలర్‌లో అంచు మెత్తగా రావడం తడి మీద ఆధారపడుతుంది. కాగితాన్ని పక్కనుంచి వెలుగుకి వాల్చి చూడు. నీళ్ళు నిలిచి తళతళలాడుతుంటే రంగు ఎటు పోతుందో నీ చేతిలో ఉండదు. ఆ నిగనిగ తగ్గి సన్నటి మెరుపు మాత్రమే మిగిలినప్పుడు, కాగితం మీదున్న తడి కంటే తక్కువ తడి ఉన్న కుంచెతో చిక్కటి రంగు పెడితే అది కాస్త పరుచుకుని ఆగిపోతుంది, నీకు కావలసిన మెత్తదనం అదే. అదే సమయంలో నీళ్ళెక్కువున్న కుంచె తగిలిందా, కాలీఫ్లవర్‌లాంటి మరక వచ్చి కూర్చుంటుంది. దీనికి పల్చటి కాగితం ఆగదు, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కాటన్ కాగితం తీసుకో. ఆయిల్‌లో ఇది చాలా తేలిక, తడిగా ఉండగానే పొడి కుంచెని అంచు మీద నుంచి ఒక్కసారి లాగితే చాలు. అక్రిలిక్ తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఆరడం ఆలస్యం చేసే మీడియం, అంటే రంగులో కలిపే పదార్థం, కలుపుకో, లేదా అంచు దగ్గర రెండు రంగులకీ మధ్య రంగు ఒకటి కలిపి పెట్టు.

పెద్దవాళ్ళు వేసినవి చూడు, కానీ ఎలా వదిలారో వెతుకుతూ చూడు. అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1926లో వేసిన ‘బ్లాక్ ఐరిస్’ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, దాదాపు మూడడుగుల ఎత్తున్న కాన్వాస్ అంతా ఒకే పువ్వు. ఆమె ఏదీ మసకబార్చి దాచలేదు, అంచులు చాలాచోట్ల శుభ్రంగానే ఉన్నాయి. పువ్వుని అంత దగ్గరికి లాక్కొచ్చి, చుట్టూ ఉన్నదంతా కోసేసింది కాబట్టి కాసేపు అది పువ్వు, కాసేపు కొండా లోయా. అంటే ఎక్కడ కత్తిరించావన్నది కూడా అబ్‌స్ట్రాక్షనే. నువ్వు ప్రతిసారీ పువ్వు మొత్తం కాగితంలో పట్టేలా మధ్యలో పెడుతున్నావు, ఒకసారి మూడు వైపులా బయటికి పోనిచ్చి చూడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన చివరి కలువల బొమ్మల్లో ఒడ్డునీ ఆకాశపు గీతనీ తీసేశాడు, నీళ్ళలో ప్రతిబింబాలే ఆకాశమయ్యాయి, అయినా ఆ చిన్నచిన్న రంగు ముద్దలు నీటి మీద బల్లపరుపుగా పడుకునే ఉంటాయి. ఆ పడుకోవడం ఒక్కటీ ఆయన వదల్లేదు. నాకు మాత్రం అందరికంటే ఎక్కువ ఇష్టం ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు, మానే. 1883లో చనిపోయే ముందు, ఒంట్లో బాగోలేని రోజుల్లో గాజు పాత్రల్లో పువ్వులు వేశాడు, చిన్నచిన్న కాన్వాసులు. నీళ్ళలో మునిగిన కాడలు నాలుగు విరిగిన గీతలు, గాజు మీద మెరుపు ఒక తెల్ల చుక్క. దగ్గరికి జరిగి చూస్తే ఏమీ లేనట్టుంటుంది.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, నీకు రంగు చేతిలోనే ఉంది. ఒకటి మాత్రం, ఆకుపచ్చని ట్యూబ్‌లోంచి తీసి అలాగే పెట్టకు, పువ్వులో వాడిన ఎరుపు కొంచెం అందులో కలుపు, ఆకుపచ్చ ఘాటు తగ్గుతుంది, పువ్వుకీ ఆకుకీ చుట్టరికం కుదురుతుంది. ఇంకొకటి, ఆ మెరిసిపోయే ఓపెరా పింక్ మానెయ్యి తల్లీ, వెలుగు తగిలితే వెలిసిపోతుంది. వాన్ గో 1890లో వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి, వేసినప్పుడు అవి గులాబీ రంగువే, ఎర్ర రంగు వెలిసిపోయింది అంతే. ట్యూబ్ మీద పీవీ19 (PV19) అనే రంగు కోడ్ ఉన్న క్వినాక్రిడోన్ రంగు తీసుకో, అది నిలుస్తుంది.

ఫోటో చూసి వెయ్యకు. ఎర్ర పువ్వుల్ని ఫోన్ కెమెరా తరచూ ఒకే ఎర్ర ముద్ద చేసేస్తుంది, రేక మీద రేక పడిన నీడే కనిపించదు. పైగా ఫోటో అన్నిటినీ ఒకే శ్రద్ధతో చూపిస్తుంది, ఏది వదలాలో తేల్చుకునే అవసరమే నీకు రాదు. నిజం పువ్వు కదులుతుంది, తులిప్ అయితే కోసి నీళ్ళలో పెట్టాక కూడా పెరుగుతూ వెలుగు వైపు వంగుతుంది, గంట క్రితం గీసిన గీత ఇప్పుడు సరిపోదు. ఆ ఇబ్బందే నీకు మేలు చేస్తుంది, తప్పనిసరిగా ఎంచుకోవాల్సి వస్తుంది. బొమ్మ మూడొంతుల్లో రెండొంతులు అయ్యాక పువ్వుని తీసి వేరే గదిలో పెట్టెయ్యి. మిగతాది బొమ్మని చూస్తూ వెయ్యి, పువ్వుకి ఏముందో మర్చిపో, బొమ్మకి ఏం కావాలో చూడు. నీకు టెన్షన్‌గా ఉంటుందని తెలుసు, నువ్వు అన్నీ సరిచూసుకునే మనిషివి. అయినా చెయ్యి. ఈనెలు గియ్యాలని చెయ్యి లాగినప్పుడు మాత్రం కుంచె కింద పెట్టి బొమ్మని తలకిందులుగా తిప్పి చూడు, అలా చూసినప్పుడు కూడా లోటనిపిస్తేనే మళ్ళీ ముట్టుకో.

ఇప్పటికి లిల్లీ ఒక్కటే పట్టుకో, పువ్వు మార్చకు. ఒకే పువ్వుని వరసగా వేస్తూ ప్రతి బొమ్మలోనూ ముందటి దానికంటే ఒకటి తీసెయ్యి, ఏది తీసేస్తే లిల్లీ పోల్చుకోలేకుండా పోయిందో అక్కడ ఆగి, దాన్ని తిరిగి పెట్టు. ఆ వరసంతా నాకు పంపు, బాగా వచ్చింది ఒక్కటే ఏరి పంపకు. ఫోటో కిటికీ దగ్గర పగటి వెలుగులో తియ్యి, లైటు కింద తీస్తే పసుపు తిరిగి రంగు సంగతి నేనేమీ చెప్పలేకపోతున్నాను. ప్రతిదాని వెనకా నువ్వు అంచున రాసుకున్న ముక్క కూడా రాసి పంపు, బొమ్మ దానికి కట్టుబడిందో లేదో చూసి చెప్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ