ఒక్కరే నడిచేటప్పుడు...

ప్రశ్న: పన్నెండు రోజుల ట్రెక్ ఒక్కదాన్నే చేద్దామనుకుంటున్నాను. భయమల్లా దారిలో ఎదురయ్యే మనుషులంటేనే. పెప్పర్ స్ప్రే ఉంటే చాలా?

జవాబు: ఉంచుకోండి. అయితే బ్యాగు అడుగున కాదు, భుజం పట్టీకి చెయ్యి అందేలా. ఎదురుగాలిలో కొడితే మీ కళ్లలోనే పడుతుంది. కొన్ని దేశాల్లో నిషేధం కూడా, ముందే కనుక్కోండి.

మనుషులతో చిక్కు అడవి నడిమధ్య కన్నా, బండ్లు వచ్చే రోడ్డు దారిని కలిసే చోట వచ్చే అవకాశమే ఎక్కువ. రోడ్డు దాటి కనీసం 2 కిలోమీటర్లు వెళ్లాకే, దారిన పోయేవాళ్లకు కనపడని చోట టెంట్ వేయండి. వెలుగుండగానే ఒకచోట వండుకు తిని, మరో అరగంట నడిచి పడుకుంటే ఇంకా మేలు. ‘ఒక్కరేనా?’ అని అడిగితే ‘మావాళ్లు వెనక వస్తున్నారు’ అనేయండి. ఈ అబద్ధానికి మొహమాటపడక్కర్లేదు. ఫొటోలు అక్కణ్నుంచి కదిలిన రెండు రోజుల తర్వాతే పెట్టండి.

మీరు అడగని భయం ఇంకొకటుంది. చీలమండ మడతపడితే సాయం కోసం పరుగెత్తే రెండో మనిషి ఉండరు. ఆ లోటు తీర్చేది ఇంటి దగ్గర ఉండే ఒక నమ్మకమైన మనిషి. ఏ రోజు ఏ మజిలీ, మధ్యలో దిగిపోగల పక్కదారులు, టెంట్, జాకెట్ రంగులు, బూటు అడుగు ఫొటో, అక్కడి రెస్క్యూ నంబరు రాసివ్వండి. ‘సాయంత్రం కబురు పెడతా’ అంటే ఎప్పుడు కంగారుపడాలో వాళ్లకు తెలియదు. రాత్రి 8కి కబురు, మర్నాడు ఉదయం 10 దాకా రాకపోతే రెస్క్యూకి ఫోన్ అని గట్టిగా అనుకోండి.

మజిలీలకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. బరువుకూ విశ్రాంతికీ దానిలో సగం కలపండి. 18 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉంటే ఏడున్నర గంటలు దాటుతుంది.

ప్రశ్న: పీఎల్‌బీ (ఆపదలో సంకేతం పంపే చిన్న పరికరం) కొనాలా, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే శాటిలైట్ మెసెంజరా?

జవాబు: పీఎల్‌బీకి నెల చందా ఉండదు. బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు ఆపద సంకేతం వెళ్తుంది. మీ పేరున రిజిస్టర్ చేయించడం మరవకండి. కానీ దానితో ‘క్షేమం’ అని కబురు పంపడం కుదరదు. రోజూ కబురు పెట్టాలంటే మెసెంజరే, దానికి చందా, ఛార్జింగ్ తప్పవు. రెంటికీ పైన ఆకాశం కనపడాలి. ఇరుకు లోయలో కబురు గంటలు ఆలస్యం కావచ్చు, పైన మర్నాటి దాకా గడువు పెట్టమన్నది అందుకే. ఏది కొన్నా ఒంటి మీదే ఉంచుకోండి. బ్యాగు లోయలో పడితే అదీ పోతుంది. విజిల్ కూడా ఉండాలి: నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. మూడు ఊతలు వినిపిస్తే అది జవాబు.

ప్రశ్న: తోడు లేకుండా వాగు దాటడమెలా?

జవాబు: బ్యాగు నడుము బెల్టు, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే వదిలించుకోవచ్చు. మొహం ఎగువకు పెట్టి, కర్ర ఆనించి, పక్కకు అడుగులేస్తూ వెళ్లండి. కర్ర, రెండు కాళ్లు... ఒకసారికి ఒక్కటే కదలాలి. బూట్లు విప్పొద్దు. వడిగా పారే నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు. మంచు కరిగి వచ్చే వాగు తెల్లవారుజామున తగ్గి ఉంటుంది, వాన వాగైతే ఒక పూట ఆగాల్సిందే. దానికోసమే ఒక రోజు తిండి అదనంగా మోయండి, ఆగిపోయినట్టు ఇంటికి కబురు పెట్టండి.